పాత్రల కొట్లో వీరుడు

హోసూరు,
27-6-1999

చెల్లెలు కస్తూరికి,

నేను బతికే ఉన్నాను. అన్నిటికన్నా ముందు ఈ ముక్క రాయాల్సి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మీ వదిన కూడా క్షేమం.

మా ఫ్యాక్టరీ క్యాంటీన్లో మోహన్‌రాజ్ అని ఒకతను పనిచేస్తాడు. అతని అత్తగారిల్లు చెన్నైలో, మీ చూలైలోనే. ఈమధ్య అక్కడికి వెళ్ళి వచ్చాడు. పోయిన సోమవారం నేను గేటు దగ్గర డ్యూటీలో ఉంటే, టీ కెటిల్ పట్టుకుని వస్తున్నవాడు నన్ను చూసి ఉన్నచోటే నిలబడిపోయాడు.

“ఏంది సార్, మీరు ఈడ ఉండారు! ఆడ మీ ఫోటోకి పూలేసి, ఊదొత్తులు పెట్టి ఉండారే! కొట్లోకొచ్చినోళ్ళంతా పావం పావం అంటా దండం పెట్టుకుంటా ఉండారు సార్” అన్నాడు.

ఏ కొట్లో అని అడిగితే మీ ఆయన పాత్రల కొట్టు గుర్తులే చెప్పాడు. ఫోటోలో మనిషి కుర్రవాడైనా, ఎడమ చెవి కొసన ఉన్న నొక్కు చూసి నేనేనని పోల్చుకున్నాడట. డ్యూటీ దిగేలోపల ఫ్యాక్టరీలో సగం మంది వచ్చి నన్ను తాకి చూసి పోయారు. నవ్వుకోవడానికి వాళ్ళకి బాగానే ఉంది.

మిలిటరీ బట్టల్లో ఉన్న నా పాత ఫోటో మీ కొట్లోకి ఎందుకు వచ్చింది? బతికున్నవాడికి పూలెవరు వేశారు? కార్గిల్ గొడవ మొదలైనప్పటినించి ఊళ్ళో కొట్లవాళ్ళంతా జెండాలు కట్టి సరుకు అమ్ముతున్నారని పేపర్లో చదువుతూనే ఉన్నాను. మీ ఆయన నా చావుని కూడా గిన్నెలతో పాటు బల్ల మీద పెట్టాడా అని నాకు అనుమానం. నువ్వు కాదంటే నమ్ముతాను. కానీ కాదని రాసే ముందు బాగా ఆలోచించి రాయి.

ఫోన్ చేసి అడగొచ్చు. మీ ఫోను ఆయన కూర్చునే చోటే ఉంటుంది, నీ మాట ప్రతిదీ ఆయన చెవిన పడుతుంది. నాకేమో గేటు దగ్గర ఫోను, చుట్టూ నలుగురు. ఆయనకి తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. నాయన మనిద్దర్నీ పట్టుబట్టి తెలుగు బడికి పంపినందుకు ఇన్నేళ్ళకి ఒక ఉపయోగం కనబడింది. ఉత్తరమే రాయి.

నీ అన్న,
గోవిందస్వామి


చూలై, చెన్నై,
3-7-1999

అన్నయ్యకు నమస్కారాలు.

ఇంక నీకు నూరేళ్ళు. చచ్చిపోయారని పుకారు పుట్టినవాళ్ళకి ఆయుష్షు పెరుగుతుందని అమ్మ అనేది, గుర్తుందా? ఆ లెక్కన నువ్వు మా అందరినీ సాగనంపి పోయేలా ఉన్నావు.

జరిగింది చెబుతాను, కోపం పక్కన పెట్టి చదువు. నెల రోజులుగా మా బజారుకి దేశభక్తి పట్టుకుంది. మూలమీది బట్టల కొట్టువాడు బొమ్మలకున్న పట్టుచీరలు విప్పేసి మిలిటరీ బట్టలు తొడిగాడు. ఆడబొమ్మలకి కూడా. మన ఎదురు కొట్టు గోపాలయ్య ఊరుకుంటాడా? స్టీలు గ్లాసులు వందల కొద్దీ పేర్చి వాకిట్లో టాంకు కట్టాడు. పైన బోర్లించిన గుండిగ, ముందుకి పొడుచుకొచ్చిన, పిండి ఆవిరికి ఉడికించే పుట్టు గొట్టం, దాని కొసన చిన్న జెండా. దాన్ని చూడడానికి పెరంబూరు నించి కూడా జనం వస్తున్నారు. చూసి పోతే ఫరవాలేదు, చూసినవాళ్ళు అక్కడే కొంటున్నారు. దానికి తోడు వర్తకుల సంఘంవాళ్ళు, సైనికులని గౌరవిస్తూ ఏ కొట్టు బాగా అలంకరిస్తే ఆ కొట్టుకి ఆగస్టు పదిహేనున స్టేజీ మీద షీల్డు ఇస్తామన్నారు.

ఆ రోజునించి మీ బావకి అన్నం సయించలేదు. రెండు రోజులు ఆ పుట్టు గొట్టం కేసే చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు, “టాంకేంది టాంకు! మనింట్లో నిజం సోల్జరే ఉండాడు గదా” అని మేడమీదికి పోయి, నాయన సామానులోంచి నీ ఫోటో తీసుకొచ్చాడు. నువ్వు బెంగుళూరులో తీయించుకున్నది, కోటు మీద నక్షత్రం పతకంతో ఉంటుందే, అది. తుడిచి దేవుడి పటాల వరసలో తగిలించాడు.

అక్కడ వచ్చింది తంటా. మన పూల మునెమ్మ పొద్దున్నే మేము తలుపు తీయగానే వచ్చి, వరసలో ఉన్న పటాలన్నిటికీ తలా ఒక మూర తగిలించి, బొట్టు పెట్టి పోతుంది. వినాయకుడు, లక్ష్మి, మా మామగారు, మా అత్తగారు. ఆమెకి చూపు ఆనదు. పటం అంటే పూలే. మా అత్తగారి పక్కన నువ్వు కనబడ్డావు, నీకూ ఒక మూర వేసింది. మేము చూసేసరికే ఎవరో దండం పెట్టుకుంటున్నారు. అంతే జరిగింది. నువ్వు పోయావని మీ బావ ఒక్కరితో కూడా అనలేదు, ఒట్టు.

పూలు వేయొద్దని మునెమ్మతో చెబుతాను. ఇంక నువ్వు ప్రాణం పోసుకో.

నీ చెల్లెలు,
కస్తూరి


హోసూరు,
9-7-1999

కస్తూరికి,

చూపు ఆనని పూలామె మీద పెట్టేశారు. బాగుంది.

పొరపాటు అయితే ఒక పూట ఉంటుంది. నీ ఉత్తరం చదివాక మోహన్‌రాజ్‌ని కూర్చోబెట్టి మళ్ళీ అడిగాను. అతని పెళ్ళాం కూడా మీ కొట్టుకి వెళ్ళిందట. “ఆ కొట్టమ్మ కూడా కళ్ళు తుడుచుకుంటా ఉండింది సార్, మా ఇంటామె కళ్ళారా చూసింది” అన్నాడు. ఆ కొట్టమ్మ ఎవరు కస్తూరీ? మీ కొట్లో నువ్వు కాక ఇంకో అమ్మ ఉందా?

ఆయన ఎవరితోనూ అనలేదని ఒట్టు వేశావు. నువ్వు ఏమన్నావో మాత్రం రాయలేదు. నేను ఇరవై ఏళ్ళుగా గేటు దగ్గర మనుషుల్ని చూస్తున్నాను. సంచీలో ఏముందో చెప్పేవాడు అన్నీ చెప్పి ఒకటి వదిలేస్తాడు. ఆ ఒకటే మేము వెతికేది.

పూలు తీస్తే చాలదు. ఫోటో తీసెయ్యి. ఆగస్టు పదిహేనుకీ నాకూ ఏ సంబంధం లేదు. నా పేరు స్టేజీ మీద వినబడకూడదు. ఇది నేను అడగడం కాదు, చెప్పడం.

గోవిందస్వామి


చూలై, చెన్నై,
17-7-1999

అన్నయ్యకు,

సరే. ఆ కొట్టమ్మని నేనే.

మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. కొనడానికి వచ్చినవాళ్ళ మాటకి ఎదురు చెప్పం. ఈ గిన్నె బరువుగా ఉందంటే అవునంటాం, అదే గిన్నె తేలిగ్గా ఉందంటే అదీ అవునంటాం. మా మామగారు మీ బావకి నేర్పిన చదువు అదొక్కటే. నీ ఫోటో దగ్గరా అదే అయింది. ఒక ముసలావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని, మీ అన్నా అమ్మా అని అడిగింది. అవునన్నాను. అది నిజమే కదా. పావం, చిన్న వయసు అంది. ఫోటోలో నువ్వు చిన్నవాడివే కదా, దానికీ అవునన్నాను. అప్పుడావిడ ఏడ్చింది. ఆవిడ మనవడు ఇప్పుడు ఆ కొండల మీదే ఉన్నాడట, ఉత్తరం వచ్చి నెలయిందట. నాకూ ఏడుపు వచ్చింది. ఆ ఏడుపు మాత్రం అబద్ధం కాదన్నా.

తర్వాత మీ బావ తల వంచుకుని ఊరుకోవడం, నేను పైట చెంగు పట్టుకోవడం అలవాటైపోయింది. సిగ్గుగానే ఉంది. పూలు వేయొద్దని మునెమ్మతో చెబుతానన్నానా? నోరు రాలేదు. వేస్తూనే ఉంది.

నా సంచీలో వదిలేసింది తీసి చూపించాను. ఇప్పుడు నీ సంచీ చూడనీ.

పక్క వీధిలో కుప్పుసామి అని రిటైరైన సుబేదారు ఉన్నాడు. మొన్న ఇడ్లీ కుండ కొనడానికి వచ్చాడు. అందరిలా దండం పెట్టలేదు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని నీ ఫోటో దగ్గరికి పోయి నిలబడ్డాడు. మీవాడు ఏ ఏడు చేరినాడమ్మా అని అడిగాడు. అరవై ఏడు అన్నాను.

“బాగా గురుతుండాదా?”

“నేను ఎనిమిదో క్లాసు తప్పిన ఏడు సార్, ఎట్ల మరిచిపోతాను?”

“అది సరి. ఆ నక్షత్రం అరవై అయిదు యుద్ధంలో ఉండినోళ్ళకి ఇచ్చింది. అరవై ఏడులో చేరినోడి రొమ్ము మీదికి ఎట్లొచ్చె?”

ఆయన ఇడ్లీ కుండ తీసుకుని పోయాడు. షీల్డు ఎవరికివ్వాలో తేల్చడానికి సంఘంవాళ్ళు పిలిచింది ఆయన్నే.

అప్పటినించి నాకు ఒకటొకటే గుర్తొస్తోంది. డెబ్బై రెండులో నువ్వు యుద్ధంనించి వచ్చాక, ఎట్లా జరిగింది గోవిందూ, చెప్పరా అని నాయన అడిగినప్పుడల్లా నువ్వు చేతులు కడుక్కోవడానికి లేచిపోయేవాడివి. భోజనం మధ్యలో కూడా. ఫోటో తీసెయ్యమని ఇంత తొందర పడుతున్నావే, నీకు కష్టంగా ఉన్నది పూలా, నక్షత్రమా?

కస్తూరి


హోసూరు,
24-7-1999

శ్రీమతి కస్తూరి గారికి,

మీ ఉత్తరం అందింది.

ఆ రోజుల్లో బెంగుళూరు స్టూడియోలలో కోట్లు, టోపీలు, పతకాలు అద్దెకి దొరికేవి. సిపాయిలందరూ అలాగే తీయించుకునేవాళ్ళు. అందులో విశేషం ఏమీ లేదు. ఇడ్లీ కుండలు కొనుక్కునేవాళ్ళతో నా సర్వీసు గురించి చర్చ పెట్టవలసిన అవసరం మీకు లేదు.

ఫోటోని అట్టల మధ్య పెట్టి రిజిస్టర్ పోస్టులో నాకు పంపించండి. పంపిన రసీదు జాగ్రత్త చేయండి.

ఇట్లు,
గోవిందస్వామి


చూలై, చెన్నై,
31-7-1999

అన్నా,

నన్ను “గారు” అన్నావు. చిన్నప్పుడు నా బలపాలన్నీ తినేసి, నేను అమ్మతో చెప్పబోతే ఇట్లాగే “కస్తూరి గారూ” అని బతిమాలేవాడివి. నువ్వు మర్యాద ఇస్తే నాకు భయం పుడుతుంది.

నువ్వు పంపమన్నావని ఫోటో దించాను. అద్దం తుడవాలని మీ బావతో చెప్పాను. అట్టల మధ్య పెట్టడానికి ఫ్రేము వెనక మేకులు ఊడదీసి ఫోటో బయటికి లాగితే, దాని వెనక తమిళంలో రాత కనబడింది. పెన్సిలుతో, వంకర అక్షరాలు. తెలుగులో రాస్తున్నాను, చదువుకో.

“కోటు నాది, మొహం వీడిది. పిల్లనిచ్చేవాళ్ళు చూసి ఇవ్వండి. — అమ్మాసి, తిరువొత్తియూరు.”

నాయనకి తమిళం చదవడం రాదు. ఫ్రేము కట్టినవాడు అట్ట వేసి మేకులు కొట్టేశాడు. ఇరవై తొమ్మిదేళ్ళు ఈ మాట మన ఇంట్లోనే ఉంది, ఎవరమూ చదవలేదు.

అద్దెకిచ్చే స్టూడియోవాడు ఫోటో వెనక వేళాకోళాలు రాయడన్నా. అమ్మాసి ఎవరు? అతని కోటు నీ ఒంటిమీద ఎందుకుంది? అతను ఇప్పుడెక్కడున్నాడు? అతని పతకం నువ్వు తీసేసుకున్నావా? ఈ మాట రాయకూడదనే అనుకున్నాను. అయినా రాశాను, ఎందుకంటే వారంగా నా బుర్రలో తిరుగుతున్నది ఇదే.

నీకు ఇది ఉత్త ఫోటో కావచ్చు. మన నాయన ఈ వీధిలో నీ పేరు చెప్పుకునే తలెత్తుకు తిరిగాడు. చనిపోయే ముందు కూడా ఆసుపత్రిలో పక్క మంచం ఆయనతో, మావాడు యుద్ధానికి పోయి వచ్చినాడు అని చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను. రేపు పదిహేనో తారీఖున కుప్పుసామి నలుగురి ముందు నన్ను ఆ నక్షత్రం సంగతి అడిగితే ఏం చెప్పాలి? నాకు తెలియదు అని చెప్పి నాయన పరువు నేనే తీయాలా?

ఫోటో పంపడం లేదు. మళ్ళీ గోడకి తగిలించాను. పదో తారీఖులోపల నీ దగ్గరినించి నిజం రాకపోతే నేనే పోతాను. తిరువొత్తియూరు ఎంత దూరం, లోకల్ రైలెక్కితే దిగిపోతాను.

కస్తూరి


హోసూరు,
6-8-1999

అమ్మా కస్తూరీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను. అద్దె కోటన్నది అబద్ధం. పతకం నేను తీసుకోలేదు. తీసుకుని ఉంటే ఇంతకన్నా తేలిక.

అమ్మాసి పటాలంలో నాకన్నా సీనియరు. తిరువొత్తియూరు బెస్తపాలెంలో పుట్టాడు. అరవై అయిదు యుద్ధంలో ముందు వరసలో ఉన్నాడు. బెంగుళూరు బారక్సులో మా మంచాలు పక్కపక్కన. మనిషికి దేనిమీదా గౌరవం లేదు. ఒకసారి సోడా మూత తీయడానికి ఏమీ దొరక్క ఆ నక్షత్రంతోనే తీశాడు. ఒక కొస వంగిపోయింది. నీ గోడమీద ఫోటోలో సరిగ్గా చూస్తే కనబడుతుంది.

డెబ్బైలో నాయన సంబంధాలు చూస్తూ, యూనిఫారంలో ఫోటో పంపమని రాశాడు. ఆ ఆదివారం నా కోటు చాకలి దగ్గర ఉండిపోయింది. అమ్మాసి తన కోటు విప్పి నాకు తొడిగాడు. పతకం కనబడితే పిల్లనిచ్చేవాళ్ళు ఇంకో ప్రశ్న అడగరు అన్నాడు. స్టూడియోలో బొత్తాలు కూడా వాడే పెట్టాడు. వాడి ఫోటో వచ్చే ఆదివారం తీయించుకుందామనుకున్నాం. ఆ ఆదివారం ఏదో డ్యూటీ పడింది. వెనక రాసిన సంగతి నాకు తెలియదు. నువ్వు రాస్తేనే తెలిసింది. చదివి గేటు దగ్గర్నించి లేచి పక్కకి పోవాల్సి వచ్చింది.

డెబ్బై ఒకటి నవంబరులో నాకు కామెర్లు వచ్చాయి. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాను. మావాళ్ళు తూర్పుకి బయలుదేరే రోజు డాక్టరు వచ్చి, నీకు నయమైంది, వెళ్ళగలవా అని అడిగాడు. నయమైన మాట నిజం. ఆ పూట రెండోసారి అడిగి అన్నం పెట్టించుకున్నాను. అయినా, కళ్ళు తిరుగుతున్నాయి సార్ అన్నాను. ఆయన కాయితం మీద ఏదో రాసుకుని పోయాడు.

సాయంత్రం అమ్మాసి వచ్చాడు. వాడి బూట్ల చప్పుడు నాకు తెలుసు. నేను గోడవైపు తిరిగి దుప్పటి కప్పుకుని కళ్ళు మూసుకున్నాను. నిద్ర నటించాను కస్తూరీ. వాడు మంచం పక్కన చాలాసేపు నిలబడ్డాడు. నర్సు లేపబోతే, వద్దు సిస్టర్, నిద్రపోనీండి, వాడి వాటా కూడా నేను చూసుకుంటాను అని నవ్వాడు. దిండు పక్కన రెండు బత్తాయిలు పెట్టి పోయాడు. డిసెంబరులో వార్త వచ్చింది. ఒళ్ళు కూడా దొరకలేదు.

నేను ఇంటికొచ్చేసరికి నాయన వీధి మొదట్లోనే మేళం పెట్టించాడు. అమ్మ గుమ్మడికాయతో దిష్టి తీసింది. యుద్ధానికి పోలేదని ఎప్పుడు చెప్పాలి? మేళం ఆగాక చెబుదామనుకున్నాను. ఆగాక భోజనాలన్నారు. భోజనాలయ్యాక నాయన మొహం చూసి రేపు చెబుదామనుకున్నాను. వెళ్ళానని నేను ఎవరితోనూ అనలేదు. వెళ్ళలేదని కూడా అనలేదు.

కొట్టు కోసం బావ నా చావుని వాడుకుంటున్నాడని అనుమానించాను. నాకు అసలు భయం అది కాదు. ఆ నక్షత్రం గుర్తుపట్టే మనిషి ఎవరో ఒకరు కొట్లోకి వస్తారని భయం. వచ్చాడు కూడా.

అమ్మాసి తల్లి పేరు పొన్నమ్మ. ఉందో లేదో తెలియదు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ పోలేదు. ఏ మొహంతో పోను? నిన్ను పోవద్దని రాయడానికి నాకు హక్కు లేదు.

నీ అన్న,
గోవిందు


చూలై, చెన్నై,
16-8-1999

అన్నా,

ముందు నీకు కోపం వచ్చే మాట చెబుతాను. నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన చదవలేడన్న ధైర్యంతో మనం రాసుకున్నవన్నీ మొదటినించి వినిపించాను, ఆయన్ని అనుమానించి నువ్వు రాసినవి కూడా. దాచీ దాచీ నాకు విసుగొచ్చింది.

ఆయన చివరిదాకా విన్నాడు. తర్వాత, “నేను ఆయన చచ్చినాడని ఎవురికీ చెప్పలే. బతికుండాడనీ చెప్పలే. మీ అన్న చేసింది గూడా అదే గదా. ఆయన్ని అనేదానికి నాకు నోరేడుండాది?” అన్నాడు. వెంటనే చొక్కా వేసుకుని సంఘం ఆఫీసుకి పోయి, మా కొట్టు పేరు కొట్టేయండి అని చెప్పి వచ్చాడు. షీల్డు కోసం అన్నం మానేసిన మనిషి అన్నా ఆయన. నాకు ఇన్నేళ్ళలో ఆయన మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

దారిలో కుప్పుసామిని కూడా పిలుచుకొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన నిన్ను ఏమంటాడో అని నేను గుండిగల వెనక నిలబడి విన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, “ఆ పొద్దు కండ్లు తిరిగింది ఆయనకొక్కడికే కాదప్పా. మాలో శానామందికి తిరిగె. కొంతమందిమి చెప్పలేదు, అంతే” అన్నాడు.

శనివారం నేను తిరువొత్తియూరు పోయాను. బెస్తపాలెంలో మిలిటరీ అమ్మాసి ఇల్లు అంటే చిన్నపిల్లలు కూడా చూపించారు. పొన్నమ్మ ఉంది. నడుము వంగింది గానీ గొంతు గట్టిది. గోడకి ఒక మేకు, ఆ మేకుకి మల్లెపూలు. పటం లేదు. ఉత్త మేకు. ఉన్న ఒక్క ఫోటో తుపాను నీళ్ళలో పోయిందట. అప్పటినించి మేకుకే పూలు వేస్తోంది. నేను ఫలానా అని, నువ్వు ఆమె కొడుకు స్నేహితుడివని చెప్పాను. వక్కల డబ్బా తెరిచి గుడ్డలో చుట్టింది తీసి నా అరచేతిలో పెట్టింది. నక్షత్రం. ఒక కొస వంగి ఉంది. నీ మీద నాకున్న అనుమానం ఆ వంగిన కొస చూశాక పోయింది. దొంగతనం అనుమానం అన్నమాట. మిగతాది నువ్వు ఒప్పుకున్నదే.

నిన్న పదిహేనో తారీఖున ఆమెని ఆటోలో మన కొట్టుకి తీసుకొచ్చాను. వీధి చివర స్టేజీ మీద మైకు మోగుతోంది, గోపాలయ్యకి షీల్డు ఇస్తున్నారు. అందరూ అక్కడే ఉన్నారు. కొట్లో మేమిద్దరం, మునెమ్మ, మీ బావ. పొన్నమ్మ ఫోటో ముందు నిలబడింది. నీ మొహం కేసి చూడనే లేదు. కోటు మీద వేళ్ళు పెట్టి, బొత్తాలు ఒకటొకటే తడుముకుంటూ నక్షత్రం దాకా వచ్చి ఆగింది. వెనక రాసింది నేను చదివి వినిపించాను. కోటు నాది, మొహం వీడిది. ఆమె ముందు పకపకా నవ్వింది. వాడే, వాడి మాటే ఇది అంది. తర్వాత నేలమీద కూర్చుని ఏడ్చింది. మేము ఎవరమూ ఓదార్చలేదు.

లేచాక మునెమ్మ బుట్టలోంచి ఇంకో రెండు మూరలు అడిగి తీసుకుంది. ముందున్న పూలకి కలిపి ముడేసి, కోటు మీదున్న దండని పైకి లాగి, నీ మొహం మీదుగా అడ్డంగా కట్టింది.

“మొహం వద్దమ్మా. ఈ మనిషి బతికుండాడు, చల్లగా ఉండనీ. నాకు కోటు చాలు” అంది తమిళంలో.

ఇప్పుడు మన కొట్లో నీ మొహం కనబడదు. కోటు, బొత్తాలు, నక్షత్రం కనబడతాయి. ఎవరని అడిగినవాళ్ళకి మీ బావ, అమ్మాసి, తిరువొత్తియూరు అని చెబుతున్నాడు. పొద్దున్నించి ఆరుగురికి చెప్పాడు. వాళ్ళలో ఇద్దరు ఏమీ కొనకుండానే పోయారు, అయినా చెప్పాడు.

పొన్నమ్మ నిన్ను తిట్టలేదు. ఆసుపత్రి సంగతి నేను చెప్పలేదు కూడా. ఆటో ఎక్కేముందు ఒక్కటే అడిగింది. “పోయేటప్పుడు నా బిడ్డ ఏమన్నా చెప్పినాడా? మీ అన్నకి తెలిసుంటుంది గదా?” నీ ఉత్తరం నా చేతిసంచీలోనే ఉంది. అయినా నేను నోరు తెరవలేదు. ఆమె అది నీ నోటనే వినాలి.

ఏ మొహంతో పోను అని రాశావు. మొహం సంగతి ఆమే చూసుకుంది. ఇంక నువ్వు రావడమే.

కస్తూరి


హోసూరు,
19-8-1999
(పోస్టు కార్డు)

బావగారు నాగలింగం గారికి గోవిందస్వామి నమస్కారాలు.

ఈ కార్డు మీరు చదవాలని తమిళంలో రాస్తున్నాను. నా తమిళంలో తప్పులుంటే కస్తూరిని నవ్వొద్దని చెప్పండి. దారిలో పోస్టుమాన్ చదివినా, కొట్లో ఎవరు చదివినా నాకు అభ్యంతరం లేదు.

డెబ్బై ఒకటి యుద్ధానికి నేను వెళ్ళలేదు. అమ్మాసి వెళ్ళాడు. మిమ్మల్ని అనుమానించినందుకు మన్నించండి.

ఆదివారం మొదటి బస్సుకి బయలుదేరి వస్తున్నాను. ముందు తిరువొత్తియూరు పోతాను. వాడు ఏం చెప్పాడో, అప్పుడు నేను ఎట్లా పడుకుని ఉన్నానో రెండూ చెబుతాను. ఆమె ఉండనిస్తే ఉంటాను, పొమ్మంటే కొట్టుకి వస్తాను.

నేను వస్తున్నానని ఫోటో మీది పూలు పక్కకి జరపొద్దని మునెమ్మతో చెప్పండి.

గోవిందస్వామి